నాణకపరీక్ష

మనం వాడే ‘నాణెం’ అన్న మాట సంస్కృతంలోని ‘నాణక’ శబ్దం నుండి వచ్చింది. కూటనాణేలు చేసేవానికి యాజ్ఞవల్క్యస్మృతి ఉత్తమసాహసమనే పెద్ద జరిమానా విధించింది. మంచి నాణేన్ని కూటమనీ, కూటాన్ని మంచిదనీ చెప్పే పరీక్షకునికి కూడా అదే దండన! కౌటిల్యుడైతే నాణేల పరీక్షకే రూపదర్శకుడనే అధికారిని పేర్కొన్నాడు. ఈ రెండు విధాల పొరపాట్లకూ చెరొక ఉదాహరణ మనవి చేస్తాను.

నేను నాణేలు సేకరిస్తానని తెలిసినవారు తరచుగా నాకు తెచ్చి చూపే బిళ్ళ ఒకటుంది. ఒకవైపు శ్రీరామ పట్టాభిషేకం, రెండవవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, అణాల లెక్క, 1616 అనో 1818 అనో సంవత్సరం. నా పూర్వ విద్యార్థి ఒకడు దీనికోసం ఇల్లాలి గొలుసు తాకట్టు పెట్టబోతూ వచ్చాడు. “మాస్టారూ, బియ్యపు గింజల్ని లాగుతుందట. కోట్లు పలుకుతుందట!” అన్నాడు.

“గింజల సంగతి తరువాత, ముందు చరిత్ర చూడు నాయనా” అన్నాను. 1616లో కంపెనీ తరఫున వచ్చిన సర్ థామస్ రో జహంగీరు కొలువులో వర్తక సదుపాయాల కోసం విన్నపాలు చేసుకుంటున్నాడు. ఆనాటికి ఈ దేశంలో కంపెనీకి సొంత నాణెమెక్కడిది? తరువాతి కాలంలో దక్షిణాదిన దేవతామూర్తులతో వరహాలు వేయించిన మాట నిజమే. కాని పట్టాభిషేక దృశ్యంతో అణాల నాణెం కంపెనీ ఏనాడూ వేయలేదు. అవి భక్తులకోసం ఎవరో చేసి అమ్మిన బిళ్ళలు. పూజకు పనికివస్తాయి, చరిత్రకు కావు. గొలుసు ఇంటికి తిరిగి వెళ్ళింది.

ఇక రెండవది. 1906లో నాసిక్ దాపున జోగల్‌తంబిలో 13,000 పైచిలుకు వెండి నాణేలు బయల్పడ్డాయి. అవి క్షహరాత నహపానుడు వేయించినవి. వాటిలో 9,000కు పైగా నాణేలపై గౌతమీపుత్ర శాతకర్ణి కొండగుర్తును, ఉజ్జయినీ చిహ్నాన్ని మళ్ళీ కొట్టించాడు. నహపానుని ముఖం చెదిరి, అక్షరాలు కలగలిసిపోయి ఉంటాయి. తెలియనివాడు చెడిన నాణెమని పక్కన పడవేస్తాడు. కాని ఆ చెడుటలోనే ఉన్నది దాని విలువ! క్షహరాత వంశాన్ని తన కుమారుడు నిర్మూలించాడని గౌతమీ బాలశ్రీ నాసిక్ శాసనంలో చెప్పుకున్నది. తల్లి పొగడ్త అనుకొనేవారికి ఓడిన రాజు ముఖంపై గెలిచిన రాజు ముద్ర సమాధానం చెబుతున్నది. ఆ కుప్ప లెక్కకు అందకముందే చెదిరి అంగళ్ళపాలై ఉంటే, ఇన్నిటిలో ఇన్ని అన్న సాక్ష్యం మనకు దక్కేది కాదు.

కనుక చదువరులకు నా విన్నపం. ఇంట్లో పాతనాణెం ఉంటే మెరుపుకోసం చింతపండుతో తోమకండి. చిలుముతోపాటు అక్షరాలూ పోతాయి. బరువు తూచండి. అంచున పోత అతుకు, ఒంటిపై బుడిపెలు ఉన్నాయేమో భూతద్దంతో చూడండి. అది ఎవరినుండి, ఏ ఊరినుండి వచ్చిందో చీటీపై వ్రాసి దానితోనే ఉంచండి. పొలం దున్నుతుంటే దొరికిన నిధిని గురించి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతున్నది. తెలిపితే నాణెంతోపాటు దాని ఊరి పేరు కూడా చరిత్రలో నిలుస్తుంది.