బైపోలార్ డిజార్డర్‌లో శీఘ్రచక్ర స్థితి: ‘ప్రమాద కారకాల’ చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఉన్మాదోద్రేకం, విషాదం ఒకే వ్యక్తిలో దశలు దశలుగా రావడం బైపోలార్ డిజార్డర్ లక్షణం. ఏడాదిలో నాలుగు లేదా అంతకు మించిన దశలు వస్తే వైద్యులు దానిని రాపిడ్ సైక్లింగ్ అంటారు. ఈ వ్యాసంలో దానిని ‘శీఘ్రచక్ర స్థితి’ అని వ్యవహరిస్తున్నాను. ఇది ఎవరికి ఎక్కువగా వస్తుందన్న ప్రశ్నకు వైద్య సాహిత్యంలో ప్రధానంగా మూడు సమాధానాలు కనిపిస్తాయి: స్త్రీలకు, థైరాయిడ్ లోపం ఉన్నవారికి, డిప్రెషన్ మందులు వాడేవారికి. వీటిని ‘రిస్క్ ఫ్యాక్టర్లు’ అంటారు. తెలుగులో ఆ మాటను ‘ప్రమాద కారకాలు’ అని అనువదిస్తున్నాం. మన వ్యాకరణ సంప్రదాయంలో కారకమంటే క్రియను నిర్వర్తించేది. అందువల్ల ఆ మాట వినగానే వ్యాధిని కలిగించినది అదేనన్న అర్థం స్ఫురిస్తుంది. చరిత్ర ఈ అర్థాన్ని ఎంతవరకు సమర్థిస్తుందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. వలయం నుంచి సంఖ్యకు

1854లో పారిస్ వైద్యులు ఫాల్రే, బైయార్జే ఈ వ్యాధిని వేర్వేరుగా వర్ణించారు. ఫాల్రే దానిని ‘వలయోన్మాదం’ అన్నాడు, బైయార్జే ‘ద్విరూపోన్మాదం’ అన్నాడు. ఎవరు ముందు గుర్తించారన్న వివాదం ఇద్దరి మధ్య సాగింది. 1899లో జర్మన్ వైద్యుడు క్రేపెలిన్ ఈ రూపాలన్నింటినీ ‘ఉన్మాద విషాద వ్యాధి’ అనే ఒకే పేరు కిందికి తెచ్చాడు. వీరి వర్ణనల్లో ఆవృత్తి ఉంది కాని, ఏడాదికి ఇన్నిసార్లు అన్న హద్దు లేదు.

ఆ హద్దు చికిత్స నుంచి వచ్చింది. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ ఉన్మాదోద్రేకానికి లిథియం పనిచేస్తుందని ప్రకటించాడు. 1974లో అమెరికాకు చెందిన డన్నర్, ఫీవ్ లిథియం ఎవరిలో విఫలమవుతున్నదో పరిశీలించారు. ఏడాదికి నాలుగు లేదా అంతకు మించిన దశలు ఉన్నవారిలో వైఫల్యం ఎక్కువగా కనిపించింది. శీఘ్రచక్ర స్థితి అనే వర్గం ఆ విధంగా ఏర్పడింది. ఒక మందు ఎక్కడ పనిచేయలేదో చూస్తున్నప్పుడు గీసిన గీత అది. 1994లో డీఎస్‌ఎం నాలుగో కూర్పు దానిని ప్రత్యేక వ్యాధిగా కాక, వ్యాధి గమనాన్ని తెలిపే విశేషణంగా స్వీకరించింది.

2. మూడు కారకాలు, ఒకే చిక్కుముడి

1988లో వేర్, ఆయన సహచరులు ప్రకటించిన అధ్యయనంలో 51 మంది శీఘ్రచక్ర రోగులలో 92 శాతం స్త్రీలే. అయితే వీరంతా ప్రత్యేక పరిశోధన కేంద్రానికి చేరిన తీవ్ర రోగులు. తరువాతి సమీక్షలలో స్త్రీల ఆధిక్యం కనిపించినా ఇంత ఎక్కువగా లేదు.

1990లో బావర్, వైబ్రో, వినోకర్ శీఘ్రచక్ర స్థితికి థైరాయిడ్ లోపంతో సంబంధం చూపించారు. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. థైరాయిడ్ లోపం సాధారణంగానే స్త్రీలలో ఎక్కువ. పైగా లిథియమే థైరాయిడ్ పనిని మందగింపజేయగలదు. కాబట్టి రోగిలో కనిపించిన లోపంలో వ్యాధి పాలెంత, చికిత్స పాలెంత అన్నది వెంటనే తేలదు.

మూడవదైన మందుల విషయమే అన్నింటికన్నా వివాదాస్పదం. 1980లో రోమ్‌కు చెందిన కుకోపులోస్ బృందం, అదే కాలంలో అమెరికాలో వేర్, గుడ్విన్ డిప్రెషన్ మందులు చక్రాన్ని వేగవంతం చేస్తాయని వాదించారు. దీర్ఘకాలం రోగులను అనుసరించిన కోరియెల్ బృందం దీనిని మరోవైపు నుంచి చూసింది. శీఘ్రచక్ర రోగులు విషాదంలో ఎక్కువ కాలం ఉంటారు. విషాదం ఉన్నందువల్లే వారికి ఆ మందులు ఇస్తారు. అలాంటప్పుడు మందు చక్రాన్ని తిప్పిందా, లేక చక్రమే మందును పిలిచిందా?

3. స్థితి, గతి

2008లో ప్రకటితమైన స్టెప్-బీడీ ఫలితాలు ఈ చర్చను మరో మలుపు తిప్పాయి. అమెరికాలో 1,742 మందిని పరిశీలిస్తే, చికిత్సకు ముందరి ఏడాదిలో 32 శాతం మంది శీఘ్రచక్ర నిర్వచనానికి సరిపోయారు. ఏడాది తరువాత అధ్యయనంలో మిగిలినవారిలో అలాంటివారు 5 శాతమే. పరిశీలన కాలంలో డిప్రెషన్ మందులు వాడినవారిలో దశలు తరచుగా వచ్చాయన్న మాట కూడా అందులో ఉంది. అయితే అది సాహచర్యాన్ని చూపిందే కాని కారణాన్ని నిరూపించలేదు. చాలామందిలో ఈ స్థితి శాశ్వతం కాదని, వ్యాధి గమనంలో వచ్చి పోయే ఒక ఘట్టమని మాత్రం ఈ అంకెలు సూచిస్తున్నాయి.

ముగింపు

ఈ చరిత్రలో ఏ ఒక్క ‘కారకమూ’ ఒంటరిగా నిలవలేదు. స్త్రీత్వం థైరాయిడ్‌తో, థైరాయిడ్ లిథియంతో, మందులు విషాదంతో ముడిపడి ఉన్నాయి. ఇది కేవలం అనువాద సమస్య కాదు. ‘స్త్రీ కావడం ప్రమాద కారకం’ అని చదివిన కుటుంబం రోగినే దోషిగా చూడవచ్చు. ‘మందు ప్రమాద కారకం’ అని చదివిన రోగి వైద్యుని అడగకుండానే మందు మానేయవచ్చు. అటువంటి నిర్ణయం ప్రాణాంతకం కాగలదు. రిస్క్ ఫ్యాక్టర్‌ను ‘ముప్పు సూచిక’ అంటే ఈ ప్రమాదం కొంత తగ్గుతుంది. సూచిక వ్యాధి వైపు చూపిస్తుందే తప్ప దానిని కలిగించానని చెప్పదు. వైద్య విషయాలను తెలుగులోకి తెస్తున్నవారు పదం అర్థంతో పాటు, అది ఎవరి మీద నేరం మోపుతున్నదో కూడా చూడవలసి ఉంది.