మాటకు ముందు దెబ్బ

మా ఊళ్లో చావు కబురు ముందుగా ఎవరి నోటినుంచీ వచ్చేది కాదు. తెల్లవారుతుండగా మా మాదిగపల్లె నుంచి డప్పు మోగితే, ఊరి నడిమధ్య కళ్లాపి చల్లుతున్న ఆడవాళ్లు చేతులాపి దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం ఎంతుందో వినేవాళ్లు. ఎడం ఎక్కువైతే చావు. చిటికెన పుల్ల గలగలలాడుతూ దెబ్బలు ఒకదాన్నొకటి తరుముకుంటూ వస్తే పెళ్లి. మూడు కొట్టి ఆగి, మళ్లీ మూడు కొట్టి ఆగితే చాటింపు. చాటింపయితే పనులు వదిలి వీధిలోకి రావాలి, ఎందుకంటే తర్వాత మాట ఉంటుంది. చావు దెబ్బకు మాట అక్కర్లేదు. ఎవరింట్లో ముసలాయన మంచంలో ఉన్నాడో ఊరందరికీ తెలిసిందే కదా.

ఇది మా ఊరి లెక్క. పక్క ఊరి లెక్క వేరు. మా అమ్మ కందుకూరు వైపు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో చాటింపు దెబ్బ విని, ఎవరు పోయారో అని పొయ్యి ఆర్పి గుమ్మంలో కూర్చుందట. వాళ్ల ఊళ్లో మూడేసి దెబ్బలంటే చావేనట. ఆ రోజు ఊళ్లోకొచ్చింది శిస్తు కబురు. చప్పుడు ఒకటే, చర్మం ఒకటే, కొట్టే కులం ఒకటే. అర్థం మాత్రం పొలిమేర దాటితే మారిపోతుంది. ఊరు కలిసి ఒప్పుకున్న గుర్తు అంటే ఏమిటో నాకు మొదట అమ్మ చెప్పిన ఈ సంగతి వల్లే తెలిసింది.

మా తాత ఆ ఊరి వెట్టి. మునసబు కబురంపితే డప్పు తీసుకుని కచేరీ సావిడి ముందు నిలబడటం ఆయన పని. నేను ఎదిగి కోర్టులో అమీనా ఉద్యోగంలో చేరాను. డిక్రీ అయిన ఆస్తి జప్తు చేయడం, వేలం ప్రకటన చాటించడం నా పని. అంటే తాత కొట్టిన డప్పును నేను ఇంకొకరి చేత కొట్టించే స్థానంలోకి వచ్చాను. ఈ రెండు చోట్లనుంచీ చూసిన మనిషిగా, డప్పును జానపద కళ అనే ఒక్క పేరు కింద సర్దేయడం నాకు నచ్చదు. అది కళే, కాదనను. కానీ అది వందల ఏళ్లపాటు ఊళ్లకు కబురు మోసిన వ్యవస్థ. దానికి నియమాలున్నాయి, దారి ఉంది, చట్టంలో చోటుంది. దాన్ని మోసిన మనుషులకు మాత్రం చోటు లేకపోయింది.

ముందు పనిముట్టు సంగతి. గుండ్రటి చెక్క చట్రం, దానిమీద బిగించిన మేక తోలు. తోలును సున్నంలో నానబెట్టి బొచ్చు తీసి, చింతగింజల జిగురుతో చట్రానికి అంటించి ఎండబెడతారు. కుడిచేతిలో పొట్టి చిర్ర, ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల. చిర్ర గంభీరంగా మోగుతుంది, పుల్ల పలుచగా పలుకుతుంది. కొట్టబోయే ముందు ఎండుగడ్డి మంట వేసి తోలు కాచాలి. వానాకాలంలో అది పెద్ద పని. తేమ పట్టిన డప్పు మొద్దుగా పలికితే నాలుగో వీధికి వినపడదు. వినపడకపోతే చాటింపు జరగనట్టే. అందుకే తాత చినుకులు పడుతుంటే కచేరీ సావిడి చూరు కింద గడ్డి అంటించి, తోలు మీద వేలితో తట్టి వింటూ ఉండేవాడు. మునసబు గారు తొందరపెట్టినా కదిలేవాడు కాదు.

డప్పు మాట్లాడుతుందని అంటారు. నిజంగా మాట్లాడే వాద్యాలు వేరే ఉన్నాయి. కాంగో నది ఒడ్డున లొకెలె జనం దుంగను తొలిచి చేసిన వాద్యంతో పొడవాటి కబుర్లు ఊరినుంచి ఊరికి పంపేవాళ్లు. అక్కడ పనిచేసిన ఇంగ్లిష్ మిషనరీ జాన్ కారింగ్టన్ వాటిని విని నేర్చుకుని 1949లో పుస్తకం రాశాడు. వాళ్ల భాషలో ఒక్కో పలుకుకు ఎత్తో పల్లమో ఉంటుంది, ఆ తేడాతో మాట అర్థమే మారుతుంది. ఆ ఎత్తుపల్లాలనే దుంగమీద కొడతారు. అయితే ఒకే ఎత్తుపల్లాలున్న మాటలు చాలా ఉంటాయి కనుక, తికమక లేకుండా మాటను సాగదీస్తారు. చంద్రుడు అని చెప్పాలంటే నేలవైపు చూసే చంద్రుడు అని మొత్తం కొడతారు. తెలుగులో గొంతు ఎత్తి పలికినా దించి పలికినా చెట్టు చెట్టే. కాబట్టి మన డప్పు మాటను అనుకరించలేదు. వచ్చే కబురు ఏ జాతిదో చెప్పి, మిగతాది నోటికి వదిలేస్తుంది.

అందుకే చాటింపుకు రెండు భాగాలు. డప్పు ముందు, మనిషి గొంతు తర్వాత. కూడలిలో నిలబడి దెబ్బలు కొట్టాలి. తలుపులు తెరుచుకునేదాకా ఆగాలి. "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని ఎత్తుకుని విషయం చెప్పాలి. చివర మళ్లీ దెబ్బలు. ఆ చివరి దెబ్బలు పడితే మాట అయిపోయిందని గుర్తు, ఇక పనుల్లోకి వెళ్లొచ్చు. తర్వాత ఇంకో కూడలి. మా ఊళ్లో దారి కూడా ఖాయమే. సావిడి, రామాలయం, పెద్దబావి, చెరువుకట్ట. మా పల్లె ఆఖర్న.

అదే డప్పు చేలల్లో అడవిపందుల్ని తోలడానికీ వాడేవాళ్లు. నల్లమల అంచు ఊళ్లలో శనగ చేలమీదకు మంద దిగితే రాత్రంతా మోగేది. పందికి దెబ్బల మధ్య ఎడంతో పనిలేదు, చప్పుడు వింటే పరుగు తీస్తుంది. మనిషి ఆగి దెబ్బలు లెక్కపెడతాడు. చిన్నప్పుడు మంచె మీద పడుకుని నేను ఈ తేడా గురించి చాలా ఆలోచించేవాణ్ని.

రాజ్యం మాటకు చప్పుడు తోడుండాలన్నది పాత సంగతి. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీద అశోకుడి శాసనాలున్నాయి. అందులో నాలుగో శాసనం అశోకుడి పట్టాభిషేకమైన పన్నెండేళ్లకు వేయించింది. ఇంతకుముందు యుద్ధభేరి మోగేచోట ఇప్పుడు ధర్మఘోష వినిపిస్తోందని దాని సారం. రెండు వేల రెండు వందల ఏళ్లకు పైబడిన మాట. తన పాలన మారిందని చెప్పడానికి ఆ చక్రవర్తి ఎంచుకున్నది భేరి చప్పుడునే. భేరి అంటే రాజు ఆజ్ఞ అని అప్పటికే జనం చెవులకు అలవాటు.

ఇంగ్లిష్ పాలన ఆ అలవాటును కాగితం మీద పెట్టింది. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 21, రూల్ 54 ఉంది. స్థిరాస్తి జప్తు ఉత్తర్వును ఆ ఆస్తి మీదగానీ పక్కనగానీ డప్పు కొట్టి, లేదా ఆనవాయితీగా వస్తున్న మరో పద్ధతిలో చాటాలని ఆ రూలు చెబుతుంది. తర్వాత కాపీని ఆస్తిమీద కనిపించేచోట అంటించాలి, కోర్టు గోడకు అంటించాలి. 1976 సవరణతో గ్రామంలోని భూమి అయితే పంచాయతీ కార్యాలయంలోనూ అంటించాలన్నారు. వేలం ప్రకటనకూ ఇదే పద్ధతని రూల్ 67. రాతకంటే ముందు డప్పును పెట్టిన ఆ వరుస నాకు ఎప్పుడూ గౌరవంగా తోచేది. చదువురానివాడి ఆస్తి పోయేటప్పుడు కనీసం వాడి చెవిన పడాలన్న జాగ్రత్త అందులో ఉంది.

కోర్టు భాషలో దీన్ని టాంటాం అంటారు. డిక్రీదారు బత్తాతో పాటు టాంటాం ఖర్చులు కూడా జమకట్టాలి. నేను ఊరు చేరి, డప్పు కొట్టేవాణ్ని పిలిపించి, పొలం గట్టుమీదో ఇంటిముందో నిలబెట్టి కొట్టించి, ప్రకటన చదివి, అతని సంతకమో వేలిముద్రో రిపోర్టుమీద తీసుకుని, ఊరివాళ్లు ఇద్దరిచేత సాక్షి సంతకాలు పెట్టించాలి. ఆ వేలిముద్రకు విలువెంతో ఊళ్లో ఎవరికీ తెలియదు. వేలం ప్రకటనలో పెద్ద లోపం జరిగి, దానివల్ల గట్టి నష్టం కలిగిందని రుజువైతే రూల్ 90 కింద వేలమే రద్దవుతుంది. కాబట్టి నన్ను బోనులో నిలబెట్టి వకీళ్లు అడిగే మొదటి ప్రశ్న డప్పు గురించే. ఎవరు కొట్టారు, ఎక్కడ నిలబడి కొట్టారు, ఏ వేళప్పుడు. లక్షల ఆస్తి చేతులు మారడం ఒక డప్పు దెబ్బమీద నిలబడేది. ఆ దెబ్బ కొట్టినవాడికి దక్కేది నాలుగు కాసులు. అతన్ని ఊళ్లో పిలిచేది "ఒరే" అని.

ఈ మాట దగ్గర నేను ఆగక తప్పదు. మా తాతకు జీతం లేదు. పంట నూర్చినప్పుడు కల్లాల వెంట తిరిగి మేర అడిగి తెచ్చుకోవాలి. రైతు పెట్టినంత. తెలంగాణలో మస్కూరి, సేత్‌సింధి, నీరడి అని పేర్లు వేరైనా ఊరి చాకిరీ బతుకు ఇదే. జాగీర్ల కింద వెట్టి మరీ ఘోరం. రాజ్యాంగం 23వ అధికరణం 1950లో వెట్టిని నిషేధించింది. అయినా ఊళ్లో చావు జరిగితే డప్పు కొట్టాలన్న కట్టడి దశాబ్దాలపాటు సడలలేదు. ఊళ్లో ప్రతి ఇంటి చావునూ పెళ్లినీ చాటినవాడు ఆ ఇళ్ల గడప దాటకూడదు. మా నాయనమ్మ పోయినరోజు మా పల్లెలో డప్పు మోగితే, ఊళ్లో ఎవరూ తలెత్తి వినలేదని నాన్న చెప్పేవాడు. దెబ్బ అదే. మోగించిన దిక్కు మాత్రం వాళ్లు లెక్కలోకి తీసుకోని దిక్కు.

అందుకే కొందరు కొట్టడం మానేశారు. చదువుకున్న పిల్లలు తండ్రుల చేతిలోంచి డప్పు లాగేసుకున్నారు. ఊరి చావుకు రామని చెప్పినందుకు పనులు ఆపించుకున్న పల్లెలు, సరుకులు అందక ఇబ్బంది పడ్డ పల్లెలు మా జిల్లాలోనే ఉన్నాయి. మోగని డప్పు కూడా కబురే. ఆ కబురు ఊరికి బాగా అర్థమైంది కనుకే అంత కోపం వచ్చింది.

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం మునసబుల వ్యవస్థను రద్దు చేయడంతో కచేరీ సావిడి పిలుపు ఆగింది. పదేళ్ల తర్వాత, 1994 జూలై 7న, మా ప్రకాశం జిల్లాలోనే ఈదుమూడిలో మంద కృష్ణ నాయకత్వంలో మాదిగ దండోరా పుట్టింది. ఆ పేరు పెట్టుకోవడం నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించే విషయం. తరతరాలుగా ఇతరుల కబురు మోసిన డప్పు మొదటిసారి తన కబురు తానే చాటింది. రిజర్వేషన్ల వర్గీకరణ డిమాండుతో ఊరూరా అవే డప్పులు మోగాయి. ఏ చావుకు కొట్టమన్నారని ఎవరూ అడగలేదు. 2000లో చట్టం వచ్చింది, 2004 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. ముప్పై ఏళ్లు పట్టింది. ఆ పోరాటంలో డప్పు మోసి, తీర్పు వినకుండా పోయినవాళ్లు నాకు పేరుపేరునా తెలుసు.

ఆ మధ్యలోనే డప్పుకు గౌరవం కూడా వచ్చింది. జన నాట్య మండలి పాటల్లో, తెలంగాణ ధూంధాం వేదికలమీద అది ముందు నిలబడింది. ఆంధ్రప్రదేశ్ పింఛన్లలో డప్పు కళాకారులకు ఒక వర్గమే ఉంది. పట్నాల పెళ్లిళ్లకు జట్లు కట్టి వెళ్తున్న కుర్రాళ్ల వేగం చూస్తే నాకు సంతోషం. కాలు కదిపే తీరు, ఒక్కసారిగా అందరూ ఆపే తీరు మా తాతల్లో లేవు. కానీ వాళ్లను చాటింపు దెబ్బ కొట్టమంటే నవ్వి సినిమా దరువు మొదలుపెడతారు. తప్పు వాళ్లది కాదు. పంచాయతీ కబురు ఆటోకు కట్టిన మైకులో వస్తోంది, లేదా వాట్సాప్ గ్రూపులో. 2020 లాక్‌డౌన్‌లో మాత్రం కొన్ని ఊళ్లలో మళ్లీ డప్పు చాటింపు వినపడింది. ఇళ్లలోంచి ఎవరూ బయటకు రావద్దన్న మాట ఊరందరి చెవినా పడాలంటే పంచాయతీవాళ్లకు అదే గుర్తొచ్చింది.

చాటింపు దాని పూర్తి బలంతో మిగిలింది అమ్మవారి జాతర్ల దగ్గరే. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో చాటింపుతోనే మొదలవుతుంది. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటి రాత్రి గడపకూడదని కట్టడి. పట్నమైపోయిన తిరుపతిలో ఇప్పటికీ దాన్ని పాటించే ఇళ్లున్నాయి. సంతకం లేదు, నోటీసు లేదు, రశీదు లేదు. మోగిందంటే కట్టుబడినట్టే.

రూల్ 54 నేటికీ అలాగే ఉంది. టాంటాం కొట్టడానికి మనిషి దొరక్క అమీనాలు ఇబ్బంది పడుతున్నారు. దొరికిన మనిషికి ఏ దెబ్బ కొట్టాలో తెలియదు. ఏదో ఒక దరువు వేసి వేలిముద్ర పెట్టి వెళ్తున్నాడు. పొలం గట్టున అది విన్న రైతుకు ఏ ఊరేగింపో అనిపిస్తుంది. చట్టం అడిగిన చప్పుడు జరుగుతోంది, చట్టం కోరిన వినికిడి జరగడం లేదు.

మండలానికి ఇద్దరు ముగ్గురైనా పాత దెబ్బలు తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గరికి ఫోన్ పట్టుకుని వెళ్లే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. ఉత్త చప్పుడు రికార్డు చేసి రాకండి. ఏ ఊరి దెబ్బ అది, ఎడం ఎంత, ఏ కూడలిలో ముందు కొట్టేవారు, విన్నవాళ్లు వెంటనే ఏం చేసేవారు, కొట్టినందుకు ఏమిచ్చారు, కొట్టనన్నప్పుడు ఏం జరిగింది, ఇవన్నీ అడగండి. అడిగేటప్పుడు ఆయన పక్కన, అదే మంచం మీద కూర్చోండి.