వారానికో గ్రహం, వారానికో ప్రేమ

మన డైలీ సీరియల్‌లో హీరో హీరోయిన్ వంక ఒక్కసారి చూస్తే, ఆ చూపుతోనే రెండు రోజులు గడిచిపోతాయి. ప్రేమ పుట్టడానికి మూడొందల ఎపిసోడ్లు పట్టినా ఓపిగ్గా చూస్తాం. సైన్స్ ఫిక్షన్ సీరియల్ రాసేవాళ్లకు ఆ భోగం లేదు.

1966లో అమెరికాలో మొదలైన స్టార్ ట్రెక్‌నే తీసుకోండి. మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు. ఒక్కో కథకు సుమారు యాభై నిమిషాలు. కొత్త గ్రహం, అక్కడి మనుషులు, ఏదో వింత యంత్రం, దానివల్ల వచ్చే గండం, అన్నీ అందులోనే చెప్పాలి. ప్రేమకు పది నిమిషాలు మిగిలితే గొప్ప. పైగా ఏ వారం చూసినా కథ అర్థమవ్వాలి కనుక, కెప్టెన్ కర్క్ ఎలా దిగాడో అలాగే మళ్లీ ఓడెక్కాలి. మా డోర్నకల్ జంక్షన్‌లో బండి మారేదాకా సాగే పరిచయాల్లాంటివి ఆ ప్రేమలు.

1968లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో కర్క్ జ్ఞాపకం పోగొట్టుకుని మిరామనీ అనే అమ్మాయిని పెళ్లాడతాడు. ఆమె కడుపులో బిడ్డతో అతని కళ్లముందే చనిపోతుంది. తర్వాతి వారం ఆ ఊసే లేదు! ఏ ఇంట్లోనైనా ఇలా జరుగుతుందా?

అదే సీరియల్‌లో 1967 నాటి మరో కథ మాత్రం గుండె పిండేస్తుంది. కర్క్ 1930 నాటి న్యూయార్క్‌కి వెళ్తాడు. పేదలకు అన్నం పెట్టే ఎడిత్ కీలర్‌ని ప్రేమిస్తాడు. ఆమె బతికితే ఆమె నడిపే శాంతి ఉద్యమం వల్ల అమెరికా యుద్ధంలోకి ఆలస్యంగా దిగుతుంది, హిట్లర్ గెలుస్తాడు. ఆమె రోడ్డు దాటుతుండగా లారీ వస్తుంది. కాపాడబోయిన స్నేహితుణ్ణి కర్క్ గట్టిగా పట్టుకుని ఆపేస్తాడు. ఇక్కడ కాలప్రయాణాన్ని, ప్రేమని విడదీయలేం. అందుకే నమ్ముతాం. మరుసటి ఏడాది దానికి హ్యూగో అవార్డు కూడా వచ్చింది.

మన సింగీతం శ్రీనివాసరావు గారు 1991లో 'ఆదిత్య 369' తీసినప్పుడు ఇంకో ఉపాయం చేశారు. అది సినిమానే అయినా, నడక మూడు ఎపిసోడ్ల సీరియల్‌లా ఉంటుంది: నేటి కాలం, 1526 నాటి విజయనగరం, 2504. బాలకృష్ణ, మోహిని యంత్రం ఎక్కేముందే ప్రేమికులు. కాబట్టి ఏ కాలంలో దిగినా ప్రేమను కొత్తగా పుట్టించే పని లేదు. రాయలవారి కొలువులో రాజనర్తకి సింహనందిని హీరో మీద మనసు పడితే చాలు, నాలుగొందల అరవై ఏళ్లు వెనక్కి వెళ్లినా మనింటి గొడవే అనిపిస్తుంది. 2504లో మాత్రం వింతలెక్కువై వాళ్లిద్దరి ముచ్చట పలచబడింది. (మా ఇంట్లో నాతో ఎవరూ ఏకీభవించరు!)

అసలు మన భాగవతంలోనే ఒక కథ ఉంది. కకుద్మి మహారాజు కూతురు రేవతికి తగిన వరుణ్ణి అడగడానికి ఆమెతో బ్రహ్మలోకం వెళ్లాడు. అక్కడ పాట అయ్యేదాకా ఆగేసరికి భూమ్మీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోయాయి. అనుకున్న వరుల్లో ఒక్కరూ లేరు. బలరాముడికిచ్చి చేయమన్నాడు బ్రహ్మ. తండ్రి అలాగే చేశాడు.

సీరియల్ రాసేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? తిరిగొచ్చేసరికి తన ఊరు, తన భాష, తన ఈడు వాళ్లు ఎవరూ లేని చోట, ముక్కూమొహం తెలియని బలరాముడితో రేవతి మొదటిసారి ఏం మాట్లాడి ఉంటుంది? ఆ ఒక్క సంభాషణ సరిగ్గా రాయగలిగితే, ఎన్ని ఎపిసోడ్లయినా నేను చూస్తాను.