ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కొపలు సంఘము : నామవిచారము

నామమును విడఁదీసి వస్తుస్వభావమును దెలిసికొనఁ జూచుట శాబ్దికుల కలవాటు. ఈ యలవాటు రూఢిపదములయందు ఫలింపదు. కాని అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1816వ సంవత్సరమున నేర్పడిన యొక క్రైస్తవసంఘము పేరు యోగరూఢముగా నున్నది. ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కొపలు సంఘ మని దాని పేరు. ఇందలి విశేషణములు మూఁడు. మొదటిది పుట్టుకను, రెండవది విశ్వాసమును, మూఁడవది పరిపాలనమును దెలుపుచున్నవి. విచారసౌకర్యమునకై రెండవదానితో నారంభింతము.

మెథడిస్టు అనునది మొదట పరిహాసపదము. ఇంగ్లాండున ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందు 1729 ప్రాంతమున జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీ యను సోదరులును వారి మిత్రులును ప్రార్థన, ఉపవాసము, బందీలను దర్శించుట మున్నగువానిని నియమము తప్పక చేయుచుండఁగాఁ దోడివారు "పద్ధతివా" రని నవ్విరి. నిందాపదమే పిదప సంప్రదాయనామ మయ్యెను. వెస్లీ మతమున మోక్షము కొందఱికే ముందుగా నిర్ణయింపఁబడినది కాదు. దైవానుగ్రహ మెల్లరకును లభ్యము. మనుష్యుఁడు దాని నంగీకరింపనువచ్చును, త్రోసివేయనువచ్చును. విశ్వాసముచే నీతిమంతుఁడుగా నెంచఁబడినవాఁడు పవిత్రజీవనమున నానాఁటికి వృద్ధిపొందవలయును. సంస్కారములు జ్ఞానస్నానము, ప్రభుభోజనము అని రెండే. ఇంగ్లాండు సంఘపు మతసూత్రములు 39 కాఁగా, వెస్లీ 1784లో వానిని 24గా సంక్షేపించెను. ఆ యేఁటనే బాల్టిమోరునఁ గూడిన అమెరికా మెథడిస్టులు మఱియొకటి చేర్చి 25 చేసిరి. ఆ 25 సూత్రములే మన ప్రస్తుతసంఘమునకును బ్రమాణములు.

ఇఁక మొదటి విశేషణము. రిచర్డు ఆలెన్ 1760లో దాస్యమునఁ బుట్టినవాఁడు. యౌవనమున మెథడిస్టు మతమును స్వీకరించి, కష్టార్జితముతో స్వాతంత్ర్యమును గొనుక్కొని, 1786లో ఫిలడెల్ఫియాకు వచ్చి సెయింట్ జార్జి దేవాలయమున బోధించుచుండెను. మఱుసటి యేఁట నతఁడును ఆబ్సలోము జోన్సును స్వేచ్ఛా ఆఫ్రికను సమాజ మను పరస్పరసాహాయ్యసంస్థను నెలకొల్పిరి. ఆ దేవాలయమున నల్లవారి సంఖ్య హెచ్చినకొలఁది వారిని గోడప్రక్కలకును, పిదప మీఁదియంతస్తునకును దఱుమసాగిరి. ఒక యాదివారమునఁ బ్రార్థన సాగుచుండఁగనే, మోఁకాళ్లపై నున్న జోన్సును ధర్మకర్తలు పట్టి లేవనెత్తఁజూచిరి. ప్రార్థన ముగియువఱకు నాఁగుఁ డని యతఁడు కోరినను వారు వినలేదు. ప్రార్థన ముగిసిన వెంటనే నల్లవా రెల్లరు నొక్కుమ్మడిగా వెడలిపోయిరి. ఇది 1787లో జరిగినదని సంఘసంప్రదాయము. అయినను నా మీఁదియంతస్తు 1792 ప్రాంతమునఁ గట్టఁబడినట్లు తెలియవచ్చుటచే నిది యప్పటి దని పలువురు చరిత్రకారుల మతము. అదియే యుక్తముగాఁ దోఁచుచున్నది.

వెడలినవా రేమార్గమునఁ బోవలయు నను ప్రశ్న పుట్టెను. జోన్సును ననేకులును ఎపిస్కొపలు సంఘమునఁ జేరిరి. ఆలెన్ మెథడిస్టు మతమును విడువ నొల్లఁడయ్యెను. ఒక కమ్మరికొలిమి యింటిని గొని తన స్థలమునకు లాగించి దేవాలయముగా మార్పించెను. బెతె లను నా మందిరమును 1794లో మెథడిస్టు బిషప్పు ఫ్రాన్సిస్ ఆస్బరీయే ప్రతిష్ఠించెను. అయినను మందిరముపై నధికార మెవరి దను వివాద మిరువదియేండ్లు సాగెను. తాము కట్టుకొనిన మందిరమునే వేలములో ఆలెన్ పదివేల డాలర్లకుఁ బైగా నిచ్చి మఱలఁ గొనవలసివచ్చెను. 1816లో పెన్సిల్వేనియా న్యాయస్థానము బెతెలువారి పక్షమునఁ దీర్పు చెప్పెను. ఆ యేప్రిలులోనే పలుచోట్ల నల్లమెథడిస్టులు ఫిలడెల్ఫియాలోఁ గూడి ప్రత్యేకసంఘముగా నేర్పడిరి. ఆలెన్ ప్రథమ బిషప్పయ్యెను.

ఎపిస్కొపలు అనఁగా బిషప్పుల పరిపాలనము గలది. మెథడిస్టు లెల్లరు నిట్టివారు గారు. మన మెదకున 1924లో మహాదేవాలయమును బ్రతిష్ఠించిన వెస్లియను మిషను బ్రిటిషు శాఖకుఁ జెందినది. ఆ శాఖలో బిషప్పులు లేరు. అమెరికా శాఖలో నున్నారు. ఆలెనువా రా పద్ధతినే నిలుపుకొనిరి. నాలుగేండ్ల కొకసారి కూడు మహాసభ శాసనములు చేయును, బిషప్పుల నెన్నుకొనును. ఒక్కొక్క మండలమునకు నొక బిషప్పు. అతఁడు వార్షికసభల కధ్యక్షుఁడై ఏ దేవాలయమునకు నే బోధకుఁడు పోవలెనో నిర్ణయించును.

మాతృసంఘము పేరు మెథడిస్టు ఎపిస్కొపలు సంఘము. పుత్రిక తల్లిపేరును యథాతథముగా నుంచుకొని ముం దొక్క విశేషణమును జేర్చుకొనెను. వ్యావర్తకమైన విశేషణ మిదియొక్కటే. తక్కిన రెండును నుభయసాధారణములు. దీనివలన విభేదము సిద్ధాంతమునఁ గాని, పరిపాలనక్రమమునఁ గాని పుట్టినది కాదని స్పష్టము. అనుగ్రహ మెల్లరకు నను సూత్రమునందు దోషము లేదు; ప్రయోగమునందే కలదు. మాతృసంఘము 1784లో సభ్యులు బానిసలను విడువవలయునని నియమించి, మఱుసటి యేఁటనే దానిని నిలిపివైచెను. ఆలెనువారి 1817 నాఁటి నియమావళి యన్ననో, బానిసల నుంచుకొనువారిని జేర్చుకొనఁగూడ దని శాసించెను.

ఈ కొలమానమును బుత్రికకును బెట్టవలయును. జెరీనా లీ యను స్త్రీ బోధింప ననుజ్ఞ వేఁడఁగా మొదట నిరాకరించిన ఆలెన్ 1819లో నంగీకరించెను. కాని స్త్రీ బిషప్పుగా నెన్నికగుట 2000వ సంవత్సరమునఁ గాని జరుగలేదు. వాష్టి మెకెంజీ యా ప్రథమ స్త్రీ. సంఘ మేర్పడి యప్పటికి 184 ఏండ్లు.

2012లో ఈ సంఘమును, మాతృసంఘమునకు వారసురాలగు యునైటెడ్ మెథడిస్టు సంఘమును, మఱికొన్ని నల్లమెథడిస్టు సంఘములును బరస్పరము సంస్కారములను, బోధకపదవులను నంగీకరించుటకు ఒడంబడిక చేసికొనినవి. సూత్రములు సమానము లగుటచే నందుకు సిద్ధాంతము నేమియు మార్చుకొన నక్కఱ లేకపోయెను. అయినను సంఘములు వేఱుగనే నిలిచినవి. ఆ మొదటి విశేషణము నట్లే యున్నది.