వేరు కాపురం, ఒకటే బావి: వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఎందుకు విరుగుతుంది?

సిక్కోలు, ఇజీనారం కాలేజీ ల్యాబుల్లో ఉన్నవాళ్లకి ఈ ఎపిసోడ్ బాగా పనికొస్తుంది. ఉబుంటు అప్‌గ్రేడ్ చేశారు, మర్నాడు పైథాన్ ప్రాజెక్ట్ లేవట్లేదు. "వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లోనే పెట్టాం కదా, అది వేరు కదా?" అంటారు. ఎంత వేరు అన్నదే ప్రశ్న. కొంచెం వెనక్కి వెళ్దాం.

1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌లో క్రూట్ వచ్చింది. ఒక ప్రోగ్రామ్‌కి ఒక ఫోల్డర్‌నే మొత్తం లోకంగా చూపిస్తుంది. 2000లో ఫ్రీబీఎస్‌డీ 4.0 జైల్స్ తెచ్చింది, గోడలు ఇంకా గట్టిపడ్డాయి. రెండిట్లోనూ కెర్నెల్ మాత్రం ఉమ్మడే. ఒకే ఇంట్లో వేరు కాపురం అన్నమాట: పొయ్యి వేరు, గిన్నెలు వేరు, నీళ్లు తోడే బావి ఒకటే.

పైథాన్‌కి ఈ ఏర్పాటు 2007లో ఇయాన్ బికింగ్ రాసిన వర్చువల్‌ఎన్వ్‌తో వచ్చింది. 2012లో పైథాన్ 3.3తో వెన్వ్ పేరుతో భాషలోనే చేరిపోయింది. ఇక్కడ బావి కెర్నెల్ ఒక్కటే కాదు, పైథాన్ కూడా. వెన్వ్ ప్యాకేజీలకి సొంత ఫోల్డర్ ఇస్తుంది గానీ, లైనక్స్‌లో మామూలుగా పైథాన్‌ని కాపీ చెయ్యదు. సిస్టమ్ పైథాన్‌కి లింకు పెడుతుంది, అంతే.

ఉబుంటు 20.04లో పైథాన్ 3.8. 22.04లో 3.10. మీ ప్యాకేజీలన్నీ 3.8 పేరున్న ఫోల్డర్‌లో భద్రంగానే ఉన్నాయి. కానీ లింకు ఇప్పుడు 3.10ని చూపిస్తోంది, అది 3.10 పేరున్న ఫోల్డర్ కోసం వెతుకుతుంది. దొరకదు. "నో మాడ్యూల్ నేమ్డ్" అంటుంది. పిప్ కూడా ఆ పాత ఫోల్డర్‌లోనే ఉంది కాబట్టి అదీ పలకదు. ఈ దశలో కొందరు సుడో పెట్టి సిస్టమ్‌లోకే ప్యాకేజీలు తోసేస్తారు. దయచేసి వద్దు.

పాత ఫోల్డర్‌లో డిస్ట్-ఇన్ఫో అని ముగిసే పేర్లు చూడండి, ప్రతి ప్యాకేజీ పేరూ వెర్షనూ అక్కడుంటాయి. అవి రాసుకుని కొత్త వెన్వ్ కట్టండి, రిపేరు కన్నా అదే సుఖం.

నెట్ లేకపోతే? 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం రోజుల తరబడి చీకట్లో ఉంది, కాబట్టి ఇది మనకి ఊహ కాదు. పెన్‌డ్రైవ్‌లో దాచిన వీల్ ఫైళ్ల పేర్లలో సీపీ38-సీపీ38 అని ఉంటే అవి 3.8కే. 3.10 వాటిని ముట్టుకోదు, "నో మ్యాచింగ్ డిస్ట్రిబ్యూషన్" అంటుంది. అందుకే అప్‌గ్రేడ్‌కి ముందే, నెట్ ఉన్నప్పుడే, పిప్ డౌన్‌లోడ్‌లో పైథాన్ వెర్షన్ 3.10 అనీ, బైనరీలు మాత్రమే అనీ ఆప్షన్లు ఇచ్చి కొత్త సెట్ దించి పెట్టుకోండి.