షిరీన్ అబూ అక్లే మరణం: మీడియా పరిశోధనలు, వాటిపై వివాదం

2022 మే 11 ఉదయం ఆరున్నర సమయంలో వెస్ట్‌బ్యాంక్‌లోని జెనిన్ శరణార్థి శిబిరం అంచున అల్ జజీరా విలేఖరి షిరీన్ అబూ అక్లే తలకు తూటా తగిలి చనిపోయారు. శిబిరంపై ఇజ్రాయెల్ సైన్యం జరిపిన దాడి గురించి వార్త ఇవ్వడానికి ఆమె వెళ్లారు. తలకు హెల్మెట్, ఒంటిమీద ‘ప్రెస్’ అని రాసిన నీలం రంగు రక్షణ కవచం ఉన్నాయి. పక్కనే ఉన్న ప్రొడ్యూసర్ అలీ అల్ సమూదీకి వీపులో తూటా దిగింది, ఆయన బతికారు. జెరూసలేంలో పుట్టిన పాలస్తీనీయురాలు షిరీన్, అమెరికా పౌరురాలు కూడా. 1997 నుంచి అల్ జజీరాలో పనిచేస్తున్నందున అరబ్బు ఇళ్లలో ఆమె గొంతు తెలియనివాళ్లు తక్కువ. తూటా ఎవరిదన్న తగువు తొలి గంటల్లోనే మొదలైంది. కొన్ని నెలలకు అది తెలిసి కాల్చారా, తెలియక కాల్చారా అన్న తగువుగా మారింది.

తొలి వాదన

ఆ ఉదయమే ఇజ్రాయెల్ అధికారులు ఒక వీడియోను ప్రచారంలో పెట్టారు. అందులో ఒక పాలస్తీనా సాయుధుడు ఇరుకు సందులోకి కాల్పులు జరుపుతాడు. ఒక సైనికుడికి తగిలింది, కిందపడ్డాడు అని ఎవరో అరుస్తారు. ఆ రోజు ఇజ్రాయెల్ సైనికులెవరూ గాయపడలేదు కాబట్టి పడిపోయింది విలేఖరే అయి ఉండాలని అప్పటి ప్రధాని నఫ్తాలీ బెన్నెట్ వాదన. ఇజ్రాయెల్‌కే చెందిన మానవ హక్కుల సంస్థ బెత్సెలెం క్షేత్ర పరిశోధకుడు కెమెరా పట్టుకుని ఆ సందు నుంచి షిరీన్ పడిపోయిన చోటి దాకా నడిచాడు. రెండు చోట్లకూ మధ్య వందల మీటర్ల దూరం, గోడలు, మలుపులు. అక్కడ కాల్చిన తూటా ఇక్కడ తగిలే వీలే లేదు. ఒక మనిషి నడక, ఒక ఫోన్ కెమెరా ఆ వాదనను పూటలో నీరుగార్చాయి. సాయంత్రానికల్లా సైనిక ప్రధానాధికారి అవీవ్ కొహావీ ఎవరు కాల్చారో ఇప్పుడే చెప్పలేమన్నారు.

చప్పుడు చెప్పిన దూరం

మే 14న పరిశోధక బృందం బెలింగ్‌క్యాట్, మే 24న అసోసియేటెడ్ ప్రెస్, సీఎన్ఎన్, జూన్ 12న వాషింగ్టన్ పోస్ట్, జూన్ 20న న్యూయార్క్ టైమ్స్ తమ పరిశోధనలు వెలువరించాయి. వాటి పద్ధతి దాదాపు ఒకటే. జనం ఫోన్లలో తీసిన వీడియోలు, సైన్యమే విడుదల చేసిన దృశ్యాలు, ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి, నీడలను బట్టి సమయాన్ని, గోడలను బట్టి స్థలాన్ని పట్టుకున్నాయి. వీటన్నిటిలో గట్టి ఆధారం చప్పుడే. ధ్వని కంటే వేగంగా దూసుకెళ్లే తూటా దగ్గర నుంచి పోతే ముందు కొరడా ఝళిపించినట్టు ఒక చప్పుడు వినిపిస్తుంది, తుపాకీ పేలిన చప్పుడు ఆ వెనక చేరుతుంది. రెంటి మధ్య ఎడం ఎంతో తెలిస్తే కాల్చినవాడు ఎంత దూరంలో ఉన్నాడో లెక్క కట్టవచ్చు. సీఎన్ఎన్ కోరగా మోంటానా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ మాహర్ ఆ ఎడం 309 మిల్లీసెకన్లని, దూరం 177 నుంచి 197 మీటర్లని తేల్చారు. అదే రోడ్డు మీద దాదాపు అంతే దూరంలో ఇజ్రాయెల్ సైనిక వాహనాలు వరుసగా నిలిచి ఉన్నాయి. ఆమె దగ్గర్లో సాయుధ పాలస్తీనీయులెవరూ లేరని న్యూయార్క్ టైమ్స్ తేల్చింది.

షిరీన్ ఒరిగిపోయిన కరోబ్ చెట్టు మాను మీద తూటా గుర్తులు దగ్గర దగ్గరగా పడ్డాయి. ఎటుపడితే అటు కాల్చితే అవి అలా గుమిగూడవని, గురిచూసి కాల్చిన తీరు ఇదని ఆయుధ నిపుణుడు క్రిస్ కాబ్‌స్మిత్ అభిప్రాయం. న్యూయార్క్ టైమ్స్ లెక్కలో మొత్తం 16 తూటాలు పేలాయి. షిరీన్ పడిపోయాక గోడ దూకి ఆమె దగ్గరికి వెళ్లిన ఒక యువకుడు ఆమెను ఎత్తబోయినప్పుడు కూడా కాల్పులు ఆగలేదు. వీడియోలో అతను చెట్టు వెనక్కి నక్కడం, మళ్లీ చేయి చాచడం కనిపిస్తుంది.

అభ్యంతరాలు

ఈ పరిశోధనల మీద వచ్చిన విమర్శలన్నీ తీసిపారేయదగ్గవి కావు. దూరం లెక్కకు తూటా వేగం తెలియాలి, అది ఏ తుపాకీయో ముందే ఊహించుకుంటే తప్ప తెలియదు. 5.56 మిల్లీమీటర్ల తూటాలను ఇజ్రాయెల్ సైనికులూ వాడతారు, ఎం16 తుపాకులు పట్టిన పాలస్తీనా సాయుధులూ వాడతారు. కాల్చిన క్షణాన కాల్చినవాడిని చూపించే దృశ్యం ఏదీ బయటికి రాలేదు. అసోసియేటెడ్ ప్రెస్ కూడా సాక్ష్యాలు పాలస్తీనీయుల వాదనకు బలమిస్తున్నాయని చెబుతూనే, తూటా పరీక్ష లేకుండా ఆఖరి మాట చెప్పలేమని రాసింది. ఎక్కువ రగడ జరిగింది మాత్రం సీఎన్ఎన్ మీదే. ఆమెను లక్ష్యం చేసుకుని కాల్చారనేంత దూరం అది వెళ్లింది. ఉద్దేశపూర్వకమన్న మాటను ఇజ్రాయెల్ సైన్యం పచ్చి అబద్ధమంది. కాల్చినవాడు రక్షణ కవచాలను గమనించాడో లేదో చెప్పలేమని న్యూయార్క్ టైమ్స్ ఆగిపోయింది. చప్పుడును బట్టి దూరం కొలవగలం గానీ మనసులో మాట కొలవలేం కదా, అక్కడ ఆగడమే సబబు.

తూటా చుట్టూ మరో పేచీ. ఉమ్మడి దర్యాప్తుకు ఇజ్రాయెల్ పిలిస్తే, ఇజ్రాయెల్ మీద నమ్మకం లేదని పాలస్తీనా అథారిటీ తూటాను అప్పగించలేదు. తుపాకులు ఒకరి దగ్గర, తూటా మరొకరి దగ్గర ఉండిపోయాయి. చివరకు జులైలో అది అమెరికా చేతికి వెళ్లింది. జులై 4న, అమెరికాలో సెలవు దినాన, విదేశాంగ శాఖ ప్రకటన చేసింది: తూటా బాగా దెబ్బతింది కాబట్టి ఏ తుపాకీదో తేల్చలేం, కాల్పులు ఇజ్రాయెల్ సైన్యం వైపు నుంచే వచ్చి ఉండవచ్చు, కావాలని చేశారనడానికి ఆధారం కనిపించలేదు.

ఒప్పుకోలు, ఆ తర్వాత

సెప్టెంబర్ 5న ఇజ్రాయెల్ సైన్యం తన తుది నివేదికలో, తమ సైనికుడి తూటాయే పొరపాటున ఆమెకు తగిలి ఉండడానికి ఎక్కువ అవకాశం ఉందని అంగీకరించింది. సాయుధులనుకుని కాల్చాడని వివరణ. క్రిమినల్ దర్యాప్తు అక్కర్లేదని సైనిక న్యాయాధికారులు తేల్చారు. మేలో సాయుధులే చంపారన్న వాదన సెప్టెంబరుకు ఇక్కడికి చేరింది. నాలుగు నెలల పాటు బయట పోగైన సాక్ష్యం లేకుండా ఇది జరిగేదనుకోవడం కష్టం.

కొద్దిరోజులకే లండన్‌లోని పరిశోధన బృందం ఫోరెన్సిక్ ఆర్కిటెక్చర్, రమల్లాలోని మానవ హక్కుల సంస్థ అల్ హక్ కలిసి ఆ వీధిని త్రీడీలో కట్టి, సైనికుడి తుపాకీ దుర్భిణిలోంచి ఎంతవరకు కనిపించేదో చూపించాయి. ‘ప్రెస్’ అక్షరాలు కనిపించి తీరాలన్నది వాటి వాదన. వాహనంలోంచి చూసేవాడికి కనిపించేది పరిమితమన్నది సైన్యం మాట. నవంబరులో ఎఫ్‌బీఐ దర్యాప్తు మొదలైందన్న వార్త వచ్చింది. ఇజ్రాయెల్ అప్పటి రక్షణ మంత్రి బెన్నీ గాంట్జ్ దాన్ని తీవ్రమైన తప్పిదమని, సహకరించబోమని అన్నారు. డిసెంబరులో అల్ జజీరా అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును ఆశ్రయించింది. 2023 మేలో ఇజ్రాయెల్ సైనిక ప్రతినిధి డేనియల్ హగారీ ఆమె మరణానికి చింతిస్తున్నామని సీఎన్ఎన్‌లో అన్నారు.

2025 మేలో జెటియో సంస్థ విడుదల చేసిన ‘హూ కిల్డ్ షిరీన్?’ డాక్యుమెంటరీ కాల్చిన సైనికుణ్ణి గుర్తించామని ప్రకటించింది. అతను అప్పటికే జెనిన్‌లో జరిగిన మరో ఘటనలో చనిపోయాడు. అదే ఏడాది అమెరికా భద్రతా సమన్వయకర్త కార్యాలయంలో పనిచేసిన కల్నల్ స్టీవ్ గబావిక్స్, జులై 4 ప్రకటనలో తమ నిర్ధారణను మెత్తబరిచారని పేరుతో సహా బయటపెట్టారు. దాంతో వాదన పత్రికల పద్ధతుల మీద నుంచి అమెరికా ప్రభుత్వం ఏం తెలిసి ఏం దాచిందన్న దాని మీదికి మళ్లింది. షిరీన్ విషయంలో పత్రికలు చేసిన తరహా పరిశీలనను 2023 అక్టోబర్ 13న దక్షిణ లెబనాన్‌లో చనిపోయిన రాయిటర్స్ వీడియోగ్రాఫర్ ఇస్సామ్ అబ్దల్లా విషయంలో రాయిటర్స్, ఏఎఫ్‌పీ విడివిడిగా చేశాయి. రెండూ ఇజ్రాయెల్ ట్యాంకు గుండునే చూపించాయి.