వర్తక ముద్రలపై ధార్మిక చిహ్నాలు: ఒక చారిత్రక పరిశీలన

ఉమవీ ఖలీఫా అబ్దుల్ మలిక్ బిన్ మర్వాన్ కాలంలో (క్రీ.శ. 685–705) ఈజిప్టు నుండి బైజాంటియన్ రాజ్యానికి పపైరస్ ఎగుమతి అవుతుండేది. నైలు తీరాన పెరిగే ఒక జాతి జమ్ముతో తయారయ్యే ఈ వ్రాతపత్రాలకు ఆనాడు ఈజిప్టే ఆధారం. బదులుగా అరబ్బులకు రోమన్ బంగారు దీనార్లు ముట్టేవి. పత్రం చుట్ట పైభాగాన కిబ్తీ పనివారు ఆనవాయితీగా క్రైస్తవ ధర్మవాక్యం వ్రాసేవారు. అబ్దుల్ మలిక్ దానిని తీసివేయించి, ఆ స్థానంలో అల్లాహ్ ఏకత్వాన్ని చాటే ఖుర్ఆన్ వాక్యాన్ని వ్రాయించాడు. కాన్‌స్టాంటినోపుల్‌లోని చక్రవర్తికి ఇది సహించలేదు. ఈ కొత్త వ్రాతను మానుకోకపోతే తన దీనార్లపై ముస్లింల ప్రవక్తను గురించి వారు సహించలేని మాటలు ముద్రింపజేస్తానని బెదిరించాడు. ఖలీఫా ఆప్తులను సంప్రదించగా, ఖాలిద్ బిన్ యజీద్ ఒక ఉపాయం చెప్పాడు: రోమన్ నాణేల చెలామణీని నిషేధించి, సొంత నాణేలు ముద్రించుకోవాలని. క్రీ.శ. తొమ్మిదవ శతాబ్దపు చరిత్రకారుడు బలాజురీ తన ‘ఫుతూహుల్ బుల్దాన్’ గ్రంథంలో ఈ ఉదంతాన్ని నమోదు చేశాడు.

నాణేల సంస్కరణకు ఇదొక్కటే కారణమా అన్నది చర్చనీయమే. పరిపాలనను, పన్నుల లెక్కలను అరబ్బీలోకి మార్చే పెద్ద ప్రయత్నంలో అదొక భాగం. కాని హిజ్రీ 77 (క్రీ.శ. 696–97)లో వెలువడిన దీనారు నేటికీ వస్తుప్రదర్శనశాలల్లో కనిపిస్తుంది. దాని మీద రాజు బొమ్మ లేదు, ఏ బొమ్మా లేదు. రెండు వైపులా అక్షరాలే. కలిమా, ఖుర్ఆన్ వాక్యాలు. సుమారు 4.25 గ్రాముల బంగారం. సరుకు మీద వ్రాసిన ధర్మవాక్యం గురించి మొదలైన తగాదా, ప్రతి బేరంలోనూ చేతులు మారే డబ్బు మీదికి ధర్మవాక్యాన్ని చేర్చి ముగిసిందన్నమాట.

విశేషమేమంటే, దీనికి ఆక్షేపణ కూడా ముస్లిం సమాజంలో నుండే వచ్చింది. ఇరాఖ్ పాలకుడు హజ్జాజ్ బిన్ యూసుఫ్ ముద్రింపజేసిన వెండి దిర్హములకు ‘మక్రూహా’ అనే పేరు వచ్చింది, అంటే అయిష్టమైనవని. కారణం విషయంలో రెండు కథనాలున్నాయి. వుజూ లేనివారు, అపరిశుద్ధ స్థితిలో ఉన్నవారు కూడా ఖుర్ఆన్ వాక్యాన్ని తాకవలసి వస్తుందని ధర్మశాస్త్రవేత్తలు ఇష్టపడలేదన్నది ఒకటి. తూకం తక్కువగా ఉందని అరబ్బేతర వర్తకులు అయిష్టపడ్డారన్నది రెండవది. ఈ రెండు కథనాలూ ఒకే నాణెం గురించి పక్కపక్కనే నిలవడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. పవిత్ర వాక్యం ముద్రించినంత మాత్రాన తూకం సరిపోదు కదా!

ఆక్షేపణలున్నా ఆచారం కొనసాగింది. హిందూస్థాన్‌లో ఢిల్లీ సుల్తానుల నుండి మొగలుల దాకా ఎందరో కలిమాతో నాణేలు ముద్రించారు. సింహాసనం ఎక్కిన తొలినాళ్ళలోనే దానిని ఆపించినవాడు ఔరంగజేబు. నాణెం కనబడిన ప్రతి చేతికీ పోతుంది, కాళ్ళ క్రింద పడుతుంది. దాని మీద కలిమా ఉండడం తగదన్నది ఆయన చెప్పిన కారణం. ఏ విధానం గురించి ఎంత వాదించుకున్నా, ఈ ఒక్క ఉత్తర్వులో మాత్రం ఆయన హజ్జాజ్ కాలం నాటి ధర్మశాస్త్రవేత్తల పక్షాన నిలిచాడు.

ఇక వర్తకుడి సంగతి. అమ్మకంలో ఒట్టు పెట్టుకోవడాన్ని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించిన హదీసు అబూ హురైరా (రజి) ద్వారా బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో వచ్చింది. ప్రమాణం వల్ల సరుకు చెల్లిపోవచ్చుగాని బర్కత్ తుడిచిపెట్టుకుపోతుందన్నది దాని భావం. అంతటి పేరును అంత చిన్న లాభానికి తాకట్టు పెట్టడమే ఇక్కడ ఆక్షేపణీయం. ఒట్టు అబద్ధపుదైతే అది మరొక నేరం. ఆధునిక ప్రకటనలను పరిశీలించడానికి ఈ హదీసు ఒక కొలబద్దగా ఉపకరిస్తుంది. ఎందుకంటే చిహ్నం విషయంలో ప్రశ్నలు రెండు. ఒకటి, పవిత్ర నామం ఎక్కడ పడుతున్నదన్నది, అదబుకు సంబంధించినది. రెండవది, ఆ నామం ఎవరి సరుకుకు పూచీగా నిలబడుతున్నదన్నది, నిజాయితీకి సంబంధించినది. మొదటిదాని గురించి జరిగినంత గొడవ రెండవదాని గురించి ఎన్నడూ జరగలేదు.

మొదటి ప్రశ్నకు ఈ దేశపు ముస్లింలు వెదుక్కొన్న ఉపాయం 786. అబ్జద్ లెక్కలో ‘బిస్మిల్లాహ్’ వాక్యంలోని నాలుగు పదాల విలువలు 102, 66, 329, 289, కూడితే 786. బిల్లు పుస్తకం మీదనో ఉత్తరం మీదనో వాక్యాన్నే వ్రాస్తే ఆ కాగితం రేపు చెత్తలో పడుతుందన్న భయంతో అంకె వేశారు. అంకె వాక్యానికి ప్రత్యామ్నాయం కాజాలదని, ధర్మశాస్త్రంలో దీనికి ఆధారం లేదని అనేకమంది ఉలమా చెప్పారు. బజారు ఆ చర్చకు చెవి ఒగ్గలేదు. జాగ్రత్త కోసం పుట్టిన అంకె అదృష్ట సంఖ్యగా మారింది. లారీల నుదుట, దుకాణాల బోర్డుల మీద, సరుకుల పేర్లలో చోటు చేసుకుంది. 1983 నాటి ‘కూలీ’ హిందీ చిత్రంలో కథానాయకుడి బిళ్ళ మీద అదే సంఖ్య. వరుస సంఖ్యలో 786 ఉన్న కరెన్సీ నోట్లను ముఖ విలువకు మించి కొనేవారు ఏర్పడ్డారు. గౌరవం కోసం దాచిన పేరు ఈ విధంగా మరో దారిన అంగడికి వచ్చింది.

తెలుగు తీరంలో కథ మరొక తీరుగా నడిచింది. గోల్కొండ కాలంలో మచిలీపట్నం కలంకారీ అద్దకాలు ఇరాన్‌కు విరివిగా ఎగుమతి అయ్యేవి. అక్కడి కొనుగోలుదారుల అభిరుచికి తగినట్లు తీగలు, పూలు, సరో వృక్షాలు, నమాజు వస్త్రాల కోసం మిహ్రాబ్ కమాను రూపుదిద్దుకున్నాయి. అదే కళ శ్రీకాళహస్తిలో దేవాలయాల కోసం పురాణగాథలను చిత్రించింది. రెండుచోట్లా ఆ వస్త్రం ఆరాధనకే వెళ్ళింది గనుక చిహ్నం తన చోటులోనే ఉంది.

చోటు తప్పింది మాంచెస్టర్, గ్లాస్గో బట్టలతో. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో అక్కడి నుండి వచ్చే తానుల మీద రంగురంగుల లేబుళ్ళు అంటించేవారు. బజారులో వాటిని టిక్కెట్లు అనేవారు. కొనేవారిలో ఎక్కువమందికి ఇంగ్లీషు చదవడం రాదు, కాని బొమ్మను గుర్తుపడతారు. కాబట్టి దేవతలు, రాజులు, ఏనుగులు, ప్రార్థనాలయాలు బట్టల వ్యాపారపు ఆనవాళ్ళయ్యాయి. బ్రిటన్‌లో 1875లో వర్తక ముద్రల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చాక, నూలు బట్టల ముద్రల కోసమే మాంచెస్టర్‌లో ప్రత్యేక కార్యాలయం పెట్టవలసి వచ్చింది. ఇందులో భక్తీ లేదు, అవమానించే ఉద్దేశమూ లేదు, కేవలం గుర్తు. ఆ తర్వాత క్యాలెండర్లు వచ్చాయి. 1928లో ఒక గ్రైప్ వాటర్ క్యాలెండర్ కోసం ధురంధర్ బాలకృష్ణుని చిత్రం వేశాడు. ముస్లిం గిరాకీ ఉన్న దుకాణాలు కాబా, మస్జిదె నబవీ బొమ్మలున్న క్యాలెండర్లు పంచాయి. క్రింద దుకాణం పేరు, చిరునామా. డిసెంబరు 31 తర్వాత ఆ కాగితాన్ని ఏం చేయాలన్న చిక్కు మాత్రం పంచినవారిది కాదు, గోడకు తగిలించుకున్నవారిది. చింపలేరు, పారవేయలేరు. బావిలోనో నదిలోనో వదలడం, భూమిలో పాతిపెట్టడం చాలా ఇళ్ళలో ఆనవాయితీ అయింది.

హైదరాబాదు నగరంలోనే ఒక ఉదాహరణ ఉంది, దాదాపు ఎవరూ గమనించనిది. 1591లో కట్టిన చార్మినార్ పై అంతస్తులో పడమటి వైపున ఉన్నది మస్జిదు. ఆ కట్టడం బొమ్మతో, దాని పేరుతోనే వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ సిగరెట్లు దశాబ్దాల తరబడి దేశమంతటా అమ్ముడయ్యాయి. పొగ త్రాగి పెట్టెను వీధిలో పారవేసినవారిలో ముస్లింలూ తక్కువేమీ కాదు. అది నగర చిహ్నమే తప్ప ధార్మిక చిహ్నం కాదని వాదించవచ్చు; ఆ వాదనలో బలముంది కూడా. కాని అరబ్బీలో లేని అక్షరాన్ని అరబ్బీగా పొరబడి కలత చెందిన సందర్భాలను తలచుకుంటే, కలత తరచు పరాయివాని చేతిని బట్టి పుడుతుందేమోననిపిస్తుంది.

భారతీయ చట్టం ఈ విషయాన్ని ముందుగానే గుర్తించింది. 1958 నాటి వర్తక ముద్రల చట్టం 11వ సెక్షన్, 1999 నాటి చట్టం 9వ సెక్షన్, పౌరులలో ఏ వర్గానికైనా మతపరమైన మనోభావాలను నొప్పించే అవకాశమున్న ముద్రను రిజిస్టరు చేయరాదన్నాయి. 2015లో సుప్రీంకోర్టు మరో కోణాన్ని ముందుకు తెచ్చింది. అగరుబత్తులకు ‘రామాయణ్’ అనే పేరును తన సొంత ముద్రగా కోరిన వ్యాపారికి దానిని నిరాకరిస్తూ, పవిత్ర గ్రంథం పేరు మీద ఏ ఒక్కరికీ గుత్తహక్కు ఉండదని తీర్పు చెప్పింది. అగరుబత్తి పూజాద్రవ్యమే గనుక అక్కడ అవమానం ప్రశ్న బలమైనది కాదు. అందరిదీ అయిన పేరు ఒకరి ఆస్తి కారాదన్నదే అసలు విషయం.

ఇస్లాం సంబంధించినంతవరకు ఇలా అందరిదీ అయి, ఎవరెవరో వాడుకున్న పేరు మక్కా. బ్రిటన్‌లో 19వ శతాబ్దం చివర మక్కా పేరుతో కాఫీ హోటళ్ళు వెలిశాయి. కాఫీ అరబ్బు దేశపు సరుకు కదా అన్న లెక్క. ఆ పేరే తర్వాత నాట్యశాలలకు, 1961 నుండి బింగో జూదశాలలకు ఎక్కింది. 1980ల్లో సౌదీ ప్రభుత్వం ఇంగ్లీషులో నగరం పేరు వర్ణక్రమాన్ని మార్చి వ్రాయసాగడానికి ఇటువంటి వాడుకలు కూడా ఒక కారణం. తెలుగు పత్రికలు సైతం ఏ క్రీడా మైదానాన్నో ‘క్రికెట్ మక్కా’ అని వ్రాస్తూనే ఉన్నాయి. ముస్లింలూ వెనుకబడలేదు. ఇరాన్‌లో 1954లో పుట్టిన జమ్‌జమ్ కోలా 2002లో సౌదీ అరేబియాకు ఎగుమతి అయింది. అదే ఏడాది ఫ్రాన్స్‌లో మక్కా కోలా వెలువడింది. లాభంలో కొంత ఫలస్తీనీయుల సహాయానికని ప్రకటించారు. సదుద్దేశమే కావచ్చు. అయినా పంచదార నీటికి ఖిబ్లా నగరాన్ని పూచీగా నిలబెట్టడాన్ని పైన చెప్పిన హదీసు ముందు ఉంచి చూడవలసి ఉంటుంది.

ఇతరుల చేతుల్లో జరిగినవాటిలో మూడింటిని చెబితే చాలు. 1994 జనవరిలో ప్యారిస్‌లో షనెల్ సంస్థ ప్రదర్శించిన ఒక గౌను పైభాగాన ఖుర్ఆన్ వాక్యం కనబడింది. రూపకర్త కార్ల్ లాగర్‌ఫెల్డ్ దానిని తాజ్‌మహల్ గురించిన పుస్తకం నుండి తీసుకొని, ప్రేమ కవిత అనుకున్నాడట. షాజహాను ప్రేమకథ తప్ప ఆ గోడలపై ఏముందో తెలియని లోకానికి ఇది సహజమైన పొరపాటే. సంస్థ క్షమాపణ చెప్పి ఆ దుస్తులను ధ్వంసం చేసింది. ఆ సంవత్సరమే సౌదీ జట్టు తొలిసారి ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకు వచ్చింది. బ్రిటన్‌లో మెక్‌డొనాల్డ్స్ సంస్థ తినుబండారాల సంచుల మీద 24 దేశాల పతాకాలు ముద్రించింది. సౌదీ పతాకం మీద ఉన్నది కలిమా! తిని నలిపి చెత్తబుట్టలో వేసే సంచి అది. ఆక్షేపణ రాగానే ఆ సంచులను ఉపసంహరించారు.

మూడవది నైకీ బూట్లది. మంటల ఆకారంలో వ్రాసిన ‘ఎయిర్’ అనే ఇంగ్లీషు మాట అరబ్బీలో అల్లాహ్ నామాన్ని పోలి ఉందని అమెరికాలోని ముస్లిం సంస్థ ‘కేర్’ అభ్యంతరం తెలిపింది. బూటు కావడమే ఇక్కడ గాయం. అడుగున ఉండే వస్తువు, మట్టి తొక్కే వస్తువు. ఉద్దేశపూర్వకం కాదని కంపెనీ చెప్పింది, దాన్ని శంకించడానికి ఆధారమూ లేదు. చర్చలు నెలల తరబడి సాగి 1997 జూన్ 24న ఒప్పందం కుదిరింది. ప్రపంచవ్యాప్తంగా 38,000 జతల బూట్లను వెనక్కి తీసుకోవడానికి, క్షమాపణకు, రూపకర్తలకు ఇస్లామీయ చిహ్నాల గురించి శిక్షణ ఇవ్వడానికి, ఒక ఇస్లామీయ పాఠశాల పిల్లలకు ఆటస్థలం నిర్మించడానికి కంపెనీ అంగీకరించింది. బెదిరింపు లేదు, విధ్వంసం లేదు. లేఖలు, సమావేశాలు, ఓర్పు.

పాఠం నేర్చుకోవలసినవారందరూ నేర్చుకున్నారని కాదు. 2007 ఆగస్టులో అఫ్గానిస్తాన్‌లోని ఖోస్త్ ప్రాంతంలో పిల్లలను సంతోషపెట్టడానికి అమెరికన్ సైన్యం హెలికాప్టర్ల నుండి ఫుట్‌బాళ్ళు జారవిడిచింది. వాటి మీద వివిధ దేశాల పతాకాలున్నాయి, సౌదీ పతాకంతో సహా. కాలితో తన్నే బంతి మీద కలిమాను చూసి జనం నిరసన తెలపగా, సైన్యం విచారం వెలిబుచ్చింది.